వెగటు పట్టీ

హెచ్చరికకు రంగు మార్చి చూశారు. పసుపు తీసి ఎరుపు పెట్టారు. ఎరుపు చాలలేదని మిణుకుమిణుకుమనిపించారు. చివరికి దానికో గంట కూడా తగిలించారు. ఎన్ని చేసినా పచ్చవిస్తరి ట్రస్టు వంటశాలల నిర్వాహకులు చేసే పని ఒక్కటే. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి, హెచ్చరికను తుడిచేసి, తమ పని తాము చూసుకునేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ వీళ్లు చెవిటివాళ్లు కూడా కాదు. శంఖం వినపడగానే ఊదేవాడి నోరు మూయడం నేర్చుకున్నవాళ్లు.

పచ్చవిస్తరి బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండి పంపే సంస్థ. కోస్తా పొడవునా ఊరూరా దానికి వంటశాలలున్నాయి. ఒక్కో వంటశాలకు ఒక్కో వెబ్‌సైటు, అన్నీ కలిపి ఒకే నెట్‌వర్కు. ఈరోజు కూరేమిటో తల్లిదండ్రులు బయటినుంచే చూసుకోవచ్చు. లోపలికి వెళ్లగలిగేది మాత్రం ఆ వంటశాల నిర్వాహకులే. వెళ్లగానే వాళ్లకు కనిపించే మొదటి పేజీ డాష్‌బోర్డు. కాకినాడ ప్రధాన కార్యాలయంలో కూర్చుని ఒక్క మాట రాస్తే చాలు, అన్ని ఊళ్ల డాష్‌బోర్డుల నెత్తిన అది ఒకేసారి కనపడుతుంది. ఈ ఏర్పాటంతా సువర్చల చేసింది. దాన్ని ఎవరూ చదవరన్న సంగతి కూడా అందరికన్నా ముందు ఆమెకే తెలిసింది.

ఫలానా డబ్బాల నూనె కల్తీది, వాడొద్దు అని ఆమె ఒకసారి హెచ్చరిక పెట్టింది. ఒక ఊళ్లో వాడారు. ముప్పూట తిండి దొరకని పిల్లలు దొరికిన ఒక్క పూట తిండీ తిని ఆసుపత్రి వరండాలో వరసగా పడుకున్నారు. సువర్చల ఆ ఊరు వెళ్లింది. నిర్వాహకుడు చెడ్డవాడైతే బాగుండునని దారంతా అనుకుంది. కాదు, పాపం. పిల్లల తలల దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుతున్న ముసలి మనిషి. హెచ్చరిక చూశారా అని అడిగితే ఆయన అబద్ధమాడలేదు.

"చూశానమ్మా. ఇంటూ కొట్టేశాను. రోజూ ఏదో ఒకటి వస్తంది గదా."

కళ్లతో చదివించలేనిదాన్ని కడుపుతో చదివించాలన్న ఆలోచన తిరుగు ప్రయాణంలో బస్సులో పుట్టింది. ఎదురు సీటులో ఎవరో వాంతి చేసుకుంటే బస్సంతా అటు తిరిగింది. కిటికీలోంచి గోదారి కనపడుతున్నా ఒక్కరూ చూడలేదు.

ట్రస్టు మేడ మీద ఒక గది తీసుకుని, నరాల డాక్టరు మెహరున్నీసాను ఒప్పించి, సువర్చల ఆ పని మొదలుపెట్టింది. పాడైన తిండి తింటే ఆ కబురును కడుపు నుంచి మెదడుకు మోసే నరం ఒకటుంది. దాని కొమ్మ ఒకటి చెవి దాకా వస్తుంది. బొటనవేలి గోరంత పట్టీని చెవి వెనక అతికిస్తే అది ఆ కొమ్మను మీటుతుంది. కడుపు అనని మాట కడుపే అన్నట్టు పైకి పోతుంది. హెచ్చరిక డాష్‌బోర్డు మీదికి రావడంతోనే నిర్వాహకుడి కడుపులో తిప్పడం మొదలవుతుంది. హెచ్చరికలో చెప్పిన పని చేస్తేనే ఆగుతుంది. ఇంటూ గుర్తు ఉంటుంది గానీ నొక్కినా లాభం లేదు. అందులో మూడు మెట్లు పెట్టారు: వెగటు, ఓకరింత, డోకు.

మొదటి పరీక్ష గుమాస్తా వీరభద్రం మీద చేశారు. ఆయన కుర్చీలో కూర్చుని జామకాయ కొరుకుతూ, కానివ్వండమ్మా అన్నాడు. రెండో మెట్టు కాగానే మొహం వంకర పెట్టి జామకాయను గోడకేసి కొట్టాడు. పట్టీ తీసేశాక అంతా నవ్వుకున్నారు. కానీ మర్నాడూ, ఆ మర్నాడూ ఆయన జామకాయ ముట్టలేదు. వీధిలో జామకాయల బండి ఎదురైతే అవతలి పక్కకు దాటి పోయేవాడు. సువర్చల తనమీద పరీక్ష చేసుకున్నప్పుడు ఎదురుగోడకు చిలకల బొమ్మ క్యాలెండరుంది. ఆ తర్వాత చిలకపచ్చ రంగు చీర కట్టుకోవడం మానేసింది.

మెహరున్నీసా అప్పుడే చెప్పింది. "కడుపులో తిప్పితే మెదడు ఊరుకోదు సువర్చలా. ఎందుకు తిప్పిందని కారణం వెతుక్కుంటుంది. అసలు కారణం దొరక్కపోతే ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. పట్టుకుంటే వదలదు." అందుకే ఇది తిండికి ప్రమాదం వచ్చినప్పుడే, ఏడాదికి ఒకటి రెండుసార్లే వాడాలని ఇద్దరూ గట్టిగా అనుకున్నారు. అనుకోవడానికేం, అందరం అనుకుంటాం.

ట్రస్టు కార్యదర్శి విశ్వమోహన్ వచ్చి చూసి ఉప్పొంగిపోయాడు. మొదట మీ ఇంట్లోవాళ్లకే పెట్టి చూపించమ్మా, అప్పుడు ఊరంతా నమ్ముతుంది అన్నాడు. సువర్చలకూ ఆ మాట నచ్చింది. సామర్లకోట వంటశాల నిర్వాహకురాలు ఆమె అక్క భ్రమరాంబే.

తల్లి పోయాక సువర్చలను ముద్దలు కలిపి పెంచింది ఆ అక్కే. ఆవిడకు కంప్యూటరు అంతంత మాత్రం, నాలుక మాత్రం గట్టిది. పచ్చవిస్తరి వంటశాలలన్నిటిలో ఒక ఆనవాయితీ ఉంది. పిల్లల అన్నం వ్యాన్లలోకి ఎక్కాక, డ్రైవర్లు చూస్తుండగా, నిర్వాహకులు ఒక దొన్నెలో తొలి గరిటె వేయించుకుని తినాలి. తిని, మూతి తుడుచుకుని "పదండి" అనాలి. అప్పటిదాకా ఏ డ్రైవరూ తాళం తిప్పడు. భ్రమరాంబ ఏనాడూ తూతూమంత్రంగా తిని ఎరగదు. కళ్లు మూసుకుని, ముద్దను నోట్లో అటూ ఇటూ తిప్పి, లోపల ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నిలబడేది. ఆవిడ ఆపమంటే ఆపడమే. ఎందుకని అడిగినవాళ్లు లేరు.

సువర్చల స్వయంగా వెళ్లి అక్క జడ పక్కకు తొలగించి, చెవి వెనక పట్టీ అతికించింది. మంగళసూత్రం కట్టినంత శ్రద్ధగా అతికిస్తున్నావేంటే అని అక్క నవ్వింది. ఇది ఊరికే తీయకూడదక్కా, తీస్తే ప్రధాన కార్యాలయంలో ఎర్రదీపం వెలుగుతుంది అని సువర్చల చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు గర్వంగానే ఉంది.

పట్టీలు అన్ని ఊళ్లకూ వెళ్లాయి. ఆ వర్షాకాలంలో బూజు పట్టిన బియ్యం గురించి పెట్టిన హెచ్చరికను అన్ని వంటశాలలూ అందుకున్నాయి. ఒక్క గింజ కూడా పొయ్యి ఎక్కలేదు. వార్షికోత్సవంలో విశ్వమోహన్ సువర్చలకు శాలువా కప్పాడు. "వంద శాతం" అని మైకులో పదే పదే అన్నాడు. వంద శాతం మంది చూశారు, వంద శాతం మంది పని పూర్తి చేశారు. ఆ మాట ఆయన నాలుకకు అలవాటైపోయింది. అప్పుడు సువర్చలకు ముచ్చటేసింది. తర్వాత తర్వాత తలుచుకుంటే ఒళ్లు జలదరించేది.

రుచి మరిగిన పిల్లి ఉట్టి వదలదు. విశ్వమోహన్ మొదట లెక్కలు ఆలస్యమైనందుకు వెగటు పెట్టించాడు. తర్వాత ట్రస్టు పాట తమ సైటులో పెట్టనివాళ్లకు వెగటు. ఆయన ప్రసంగాన్ని చివరిదాకా చూడనివాళ్లకు ఓకరింత. తిండి ప్రమాదానికి తప్ప వాడకూడదని అనుకున్నాం కదండీ అని సువర్చల అడిగితే, ఆయన తమలపాకు నములుతూ ఎంతో ప్రేమగా జవాబిచ్చాడు.

"అమ్మా, రోడ్డు వేసింది అంబులెన్సు కోసమే అనుకో. బస్సులు వెళ్లొద్దంటామా?"

ఆయన చెవి వెనక ఏనాడూ ఏ పట్టీ లేదు. ఆ సంగతి ఆ పూటే సువర్చల గమనించింది. నున్నగా గొరిగించుకున్న ఆ మెడను చూస్తూ గదిలోంచి బయటికొచ్చేసింది. ఉద్యోగం వదిలేస్తే ఆ పట్టీల తాళం ఇంకెవడి చేతిలోనో పడుతుందని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఇలాంటి సర్దుబాట్లతోనే లోకంలో సగం పాడుపనులు సాఫీగా సాగిపోతుంటాయి.

ఆ రోజుల్లో భ్రమరాంబ కూతురు హిమజ పురిటికి వచ్చింది, మగపిల్లాడు పుట్టాడు. మనవడికి నీళ్లు పోయడం భ్రమరాంబకు పండగ. పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లాణ్ని కాళ్ల మీద బోర్లా వేసుకుని, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చని నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసేది. ఒక ఉదయం వాడి మెడ కింద ముద్దు పెట్టుకోబోతుండగా కడుపులో దేవింది. కార్యదర్శి గారి ప్రసంగం తాలూకు ఓకరింత అది. పిల్లాణ్ని హిమజ చేతుల్లో పడేసి వంటశాలకు పరుగెత్తి, ప్రసంగం మొత్తం చూసి వచ్చింది. కడుపు సర్దుకుంది. కానీ పిల్లాణ్ని ఎత్తుకోగానే మళ్లీ తిప్పింది. ఈసారి హెచ్చరిక ఏదీ లేదు.

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే విషయమా అది. అన్నం తినడం తగ్గింది, మనిషి చిక్కిపోయింది. సెలవు రోజున సువర్చల ఇంటికొస్తే ముద్ద కలిపి ఆమె నోటికి అందిస్తూ, తను మాత్రం మొహం పక్కకు తిప్పుకునేది. పనెక్కువైందేమో అనుకుంది సువర్చల. పక్కనే కూర్చుని అక్క చేతి ముద్ద తింటూ అలాగే అనుకుంది.

మార్చి ఎండలు ముదిరాయి. విశ్వమోహన్ పుట్టినరోజు దగ్గరపడింది. దండ వేసిన తన ఫొటోను అన్ని వంటశాలల సైట్లలోనూ మొదటి పేజీలో పెట్టాలని కబురొచ్చింది. పెట్టనివాళ్లకు రెండో మెట్టు. ఆ కబురు వదలడానికని ఆయన ఎంచుకున్న వేళ వ్యాన్లు కదిలే వేళ. ఆ వేళకయితే అందరూ వంటశాలలోనే ఉంటారట.

సామర్లకోటలో ఆ పొద్దున ఒక వంటమనిషి ముందురోజు మిగిలిన ఉడకబెట్టిన పప్పును, పారేయడానికి చేతులు రాక, కొత్త పప్పులో కలిపేసింది. అది రాత్రికే పులిసింది. ఇంగువ తాలింపు దాని వాసనను కప్పేసింది. ఇక పట్టుకోవాల్సింది భ్రమరాంబ నాలుకే. వ్యాన్ల ముందు దొన్నె పట్టుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. కడుపులోంచి తన్నుకొచ్చింది. ఆవిడ ఉండండని చెయ్యెత్తి, లోపలికెళ్లి డాష్‌బోర్డు చూసింది. దండ వేసుకుని నవ్వుతున్న మొహం కనపడింది. ఆ ఫొటోను మొదటి పేజీలో పెట్టింది. తిప్పడం కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గలేదు గానీ, ఈ మధ్య పూర్తిగా తగ్గడమంటూ ఎప్పుడూ లేదు. మూతి తుడుచుకుని బయటికొచ్చింది.

"పదండి" అంది.

సాయంత్రానికి సువర్చల ఆసుపత్రికి చేరింది. మంచాలు చాలక పిల్లల్ని నేలమీద పడుకోబెట్టారు. వరండా అంతా వాంతులు. వాటిమీద ఈగలు, అక్కడక్కడా చల్లిన బ్లీచింగు పొడి, తల్లుల చెప్పుల ముద్రలు. డాక్టర్లు ప్రాణభయం లేదంటున్నారు. ఒక పాపకు మాత్రం నీరసం తగ్గడం లేదు. ఆ పాప మంచం పక్కన నేలమీద భ్రమరాంబ కూర్చుని ఉంది. పాప తల్లి ఆవిణ్ని తిట్టి తిట్టి అలిసిపోయి, ఆవిడ భుజానికే ఆనుకుని కునుకు తీస్తోంది.

సువర్చల ఏమీ అడగకముందే అక్క అంది. గొంతు చాలా మామూలుగా ఉంది.

"కడుపు చెప్పిందే బుల్లీ. గట్టిగానే చెప్పింది. నీ పట్టీ అనుకున్నాను."

మనవణ్ని ఎత్తుకున్నా తిప్పుతోందన్న సంగతి కూడా అప్పుడే చెప్పింది. సువర్చల వరండా చివరికి పోయి వాంతి చేసుకుంది. ఆమె ఒంటిమీద ఆ రోజు ఏ పట్టీ లేదు. ఎన్ని యుగాల నుంచో మనిషి కడుపులో ఒక హెచ్చరిక ఉంది. దాన్ని ఎవరూ ఇంటూ కొట్టలేరు. పిల్లల్ని విషం నుంచి కాచింది అదే. దాని గొంతును తను దొంగిలించి, ఒక తమలపాకుల నోటికి అరువిచ్చింది. తనంటే తనకే అసహ్యమేసింది. ఆ అసహ్యాన్ని కడుక్కునే కొళాయి ఆ ఆసుపత్రిలో లేదు.

రెండు రోజులకు ఆ పాప కూడా తేరుకుంది. మర్నాడే విశ్వమోహన్ సువర్చలను పిలిపించాడు. భ్రమరాంబను అప్పటికే ఉద్యోగంలోంచి నిలిపేసి, పట్టీ వెనక్కి తీసుకున్నారు. తప్పు మనిషిది, యంత్రానిది కాదు, ఆవిడ తిని మరీ పదండి అంది కదా అన్నాడు. నీ అక్క అని నాకూ బాధగానే ఉంది అని కూడా అన్నాడు. ఒక కాగితం ముందుకు జరిపాడు. సామర్లకోట నిర్వాహకురాలి నిర్లక్ష్యం అందరికీ గుణపాఠం కావాలని అందులో ఉంది. ఆ మాట మూడో మెట్టు మీద, అన్ని ఊళ్లకూ ఒకేసారి వెళ్లాలి. మూడో మెట్టు తాళం తెలిసింది సువర్చలకొక్కదానికే.

"సరేనండి" అంది సువర్చల. "కింద మీ ఫొటో పెట్టమంటారా?"

ఆయన కొంచెం సిగ్గుపడి, పెట్టు, ఎవరి మాటో తెలియాలి కదా అన్నాడు.

ఆమె మేడ మీది గదికి వెళ్లింది. ముందు మామూలు హెచ్చరికే పెడదామనుకుంది. పట్టీలు తీసేయండి, మీ నాలుకను మీరు నమ్మండి అని. కానీ కడుపులో తిప్పందే ఎవరూ చదవరు. ఆ పాడు అలవాటు చేసింది తనే. చదివించాలంటే ఇంకొక్కసారి ఆ రోతలోనే చెయ్యి పెట్టాలి. పెడితే మళ్లీ అందరి మెదళ్లూ ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకుంటాయి. ఎవరి ఎదుట మనవడుంటాడో, ఎవరి ఎదుట అన్నముంటుందో.

పక్కనే నిలబడ్డ మెహరున్నీసా అంది. "పట్టుకోవడానికి ఏదో ఒకటి పెట్టు. అది చూసేదాకా తక్కువగా మొదలుపెట్టు."

సువర్చల అలాగే చేసింది. గిన్నెలన్నీ కడిగేసి, పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక, సాయంత్రపు వేళ చూసి హెచ్చరిక వదిలింది. మొదట సన్నటి వెగటు. నిర్వాహకులు అలవాటు ప్రకారం డాష్‌బోర్డు తెరిచారు. తెరవగానే తెర నిండా విశ్వమోహన్ మొహం, దండతో, నవ్వుతో. అప్పుడు మూడో మెట్టు. కింద రెండే ముక్కలు: "చెవి వెనక పట్టీ తీసి పారేయండి. తీస్తే తప్ప ఇది తగ్గదు." సువర్చల తన చెవి వెనకా ఒకటి అతికించుకుంది. అందరి కడుపుల్లో చెయ్యి పెట్టి తను శుభ్రంగా కూర్చోవడం ఇక చేతకాలేదు. ఆ మొహాన్ని కన్నార్పకుండా చూస్తూ, బకెట్టు ఒళ్లో పెట్టుకుని, మెదడు ఆ నవ్వును గట్టిగా పట్టుకునేదాకా ఆగింది. తర్వాత పట్టీ తీసేసింది.

ప్రధాన కార్యాలయంలో ఎర్రదీపాలు ఒకదాని వెంట ఒకటి వెలిగాయి. కాసేపటికి వెలగడానికి ఇంకేం మిగల్లేదు. నిజంగానే వంద శాతం.

ఆమె ఉద్యోగం ఆ పూటతో పోయింది. కేసు కూడా పెడతామన్నారు. కానీ వారం తిరక్కుండా విశ్వమోహన్ నిర్వాహకులందరినీ సభకు పిలిచాడు. ఆ సభ సంగతి వీరభద్రం వచ్చి చెప్పాడు. కార్యదర్శి గారు చేతులు జోడించుకుంటూ వేదిక ఎక్కారట. ముందు వరస కొంగులు, రుమాళ్లు మూతికి అడ్డం పెట్టుకుందట. రెండో వరస లేచి బయటికి పరుగెత్తిందట. మూడో వరసలో ఒక పెద్దాయన, ఎంత మర్యాదస్థుడో పాపం, అక్కడే కక్కేశాడట. ఎవరూ ఒక్క నినాదం చేయలేదు, ఒక్క మాట అనలేదు. మైకు ముందు ఆయనొక్కడే మిగిలి, ఏమైందయ్యా మీకు అని అడుగుతూ నిలబడ్డాడట. ఆ తర్వాత ట్రస్టువాళ్లు ఆయన్ను ఎక్కడా నిలబెట్టలేకపోయారు. జామకాయ సంగతి నాకు తెలుసు కాబట్టి నేను అటు చూడలేదమ్మా అన్నాడు వీరభద్రం. సువర్చలకు నవ్వొచ్చింది గానీ అది నోటిదాకా రాలేదు.

వంటశాలల్లో మళ్లీ తొలి గరిటె తొలి గరిటెలా తింటున్నారు. కొందరి నాలుకలు బాగుపడ్డాయి. సామర్లకోటకు భ్రమరాంబను తిరిగి రమ్మన్నారు. ఆవిడ వెళ్లి వ్యాన్ల ముందు నిలబడి, దొన్నె నోటిదాకా తీసుకెళ్లి, కింద పెట్టేసింది. నాకు తెలియడం లేదు నాయనా, ఇంకెవర్నైనా చూసుకోండి అని డ్రైవర్లతో చెప్పి ఇంటికొచ్చేసింది.

సువర్చల వెళ్లేసరికి పెరట్లో నీళ్లు కాగుతున్నాయి. భ్రమరాంబ పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. కాళ్ల మీద మనవడున్నాడు. ఆవిడ ముక్కుకు కొంగు గట్టిగా కట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుంది. చేతులు మాత్రం వాటి దారిన అవి సున్నిపిండి నలుస్తున్నాయి. పిల్లాడు మెడ తిప్పుకుని ఆ మొహం కోసం వెతుకుతున్నాడు. నేను పోస్తాను లే అక్కా అంది సువర్చల. అక్క వద్దని తలాడించింది. కొంగు తడిసి ఉంది, నీళ్లతో కాదు.

"మెహరున్నీసా చూస్తానంది" అంది సువర్చల. "కొంతకాలానికి పోవచ్చట."

"పోవచ్చు" అంది అక్క. గోడవైపే చూస్తూ మళ్లీ అంది. "నీ హెచ్చరికలకి ఆ మూల ఇంటూ గుర్తుండేది గదే బుల్లీ. వీడి మీద అదెక్కడుందో చెప్పు. నొక్కుకుంటాను."

సువర్చల చెంబు అందుకుని, వంగి, పిల్లాడి మీద నీళ్లు పోసింది.

"నెమ్మదిగా" అంది భ్రమరాంబ. "చెవుల వెనక బాగా కడుగు."